పండక్కి నూరేళ్లు, ఉండకి రెండు వేలు

న్యూయార్క్ మల్బరీ వీధి తిరనాళ్లకి ఈ సెప్టెంబరుతో నూరేళ్లు. 1926లో నేపుల్స్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు తమ ఊరి దేవుడు సాన్ జెన్నారో పేరు మీద ఆ వీధిలో ఒక్కరోజు పండగ చేసుకున్నాయి. నేపుల్స్‌లో ఏటా సెప్టెంబరు 19న గాజు బుడ్డిలో గడ్డకట్టి ఉన్న ఆయన నెత్తురు కరుగుతుందని భక్తుల నమ్మకం. కరిగితే ఊరికి క్షేమం, కరగకపోతే గండం. సముద్రం దాటొచ్చినవాళ్ల దగ్గర ఆ బుడ్డి లేదు గాని విగ్రహం ఉంది, వీధి ఉంది, వంట చేసే చేతులున్నాయి. ఆ ఒక్కరోజు ముచ్చట ఇప్పుడు పదకొండు రోజులు సాగుతోంది. మన జాతరల్లో అమ్మవారికి నోట్ల దండ వేసినట్టే అక్కడ ఊరేగే విగ్రహానికి డాలరు నోట్లు గుచ్చుతారు.

ఇలాంటి సందర్భాలకి పత్రికలు వలసల చరిత్ర వేస్తాయి, లేకపోతే మాఫియా కథలు వేస్తాయి. నేను మీట్‌బాల్ గురించి రాస్తానన్నాను. చరిత్ర ఇస్తారా, ఎక్కడ తినాలో చెబుతారా అని అనుబంధం చూసే మిత్రుడు అడిగాడు. రెండూ ఇస్తానని మాటిచ్చి గడువు దాటించాను. ఎక్కడ తినాలన్నది చివర్లో ఉంది. ఆకలి మీదున్నవాళ్లు నేరుగా అక్కడికి దూకినా నాకు కోపం లేదు.

మొదటి పదిహేను వందల ఏళ్లు గబగబా దాటేద్దాం. అపీషియస్ పేరు మీద చెలామణీ అయ్యే ప్రాచీన రోమన్ వంటల పుస్తకంలో ఒక భాగమంతా కొట్టిన మాంసం వంటలే. అందులో ఒక దాని పద్ధతి ఇది: మాంసాన్ని మెత్తగా కొట్టాలి, ద్రాక్షసారాయిలో నానేసిన రొట్టె కలపాలి, మిరియాలు, ఊరబెట్టిన చేపల రసం, పైన్ గింజలు చేర్చి ఉండ చేసి, పలచటి కొవ్వు పొరలో చుట్టి కాల్చాలి. ఈ రొట్టెనీ పైన్ గింజల్నీ కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ కథ మాంసం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గాని నిజానికి తిరిగేది రొట్టె చుట్టూ.

తర్వాత చాలా శతాబ్దాల పాటు ఇటలీ పేదవాడు ఏం తిన్నాడో రాసిపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. పర్షియాలో కోఫ్తా ఉంది. అది అరబ్బుల వంటిళ్లకీ, మొగలాయిలతో పాటు మన హైదరాబాదుకీ చేరింది. సిసిలీని అరబ్బులు ఏలారు కాబట్టి అక్కడి వంటల్లో ఎండుద్రాక్ష, పైన్ గింజల జోడీ వాళ్ల చలవేనంటారు. 15వ శతాబ్దంలో మాస్ట్రో మార్టినో అనే వంటవాడి పుస్తకంలో 'పోల్పెత్తె' అన్న పేరు కనబడగానే దొరికిందని సంబరపడతాం. తీరా చదివితే అది దూడ మాంసాన్ని పలకలుగా కోసి, చుట్టలు చుట్టి, ఊచకి గుచ్చి కాల్చే వంట. పేరు ఉంది, ఉండ లేదు. 1690ల్లో నేపుల్స్‌లో అచ్చయిన ఆంటోనియో లాతీనీ పుస్తకంలో టమాటా పచ్చడి లాంటిది మొదటిసారి కనిపిస్తుంది. అదీ స్పెయిన్ వాళ్ల పద్ధతి అన్న పేరుతో. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూజీ తన పెద్ద వంటల పుస్తకంలో పోల్పెత్తె చేయడం గాడిదకి కూడా తెలుసన్న ధోరణిలో పరాచికాలాడాడు, ఆడుతూనే పద్ధతి చెప్పాడు. వంటల పుస్తకాలు రాసేవాళ్ల నోరు ఊరుకోదు.

ఇంతవరకూ పాస్తా ఊసు లేదని గమనించారా? ఇటలీలో మామూలుగా ఈ రెండూ ఒక కంచంలో కలవవు. ముందు పాస్తా, తర్వాత విడిగా మాంసం. అబ్రుజ్జో ప్రాంతంలోని తెరామో వాళ్లు మాత్రం పాస్తాలో గోళీలకన్నా చిన్న ఉండలు వేసుకుంటారు. అంచేత 'స్పగెట్టీ మీద మీట్‌బాల్ అమెరికా వాళ్ల వెటకారం' అని ఇటలీవాళ్లు అన్నప్పుడల్లా తెరామో వాళ్లు గొంతు సవరించుకుంటారు. అయినా పిడికిలంత ఉండని స్పగెట్టీ మీద కూర్చోబెట్టింది మాత్రం న్యూయార్కే, సందేహం లేదు.

కారణం డబ్బు. 1880 నుంచి 1924లో వలస చట్టం తలుపులు మూసేదాకా దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణాది రైతు కూలీలు: నేపుల్స్ చుట్టుపక్కలవాళ్లు, కాలాబ్రియావాళ్లు, సిసిలీవాళ్లు. సొంత ఊళ్లో వాళ్లకి మాంసమంటే పండగపూట మాట. ఆ పూట కూడా కొంచెమే కాబట్టి ఎండిపోయిన రొట్టె నానేసి కలిపి, ఉన్న మాంసాన్ని పదిమందికి సాగదీసేవాళ్లు. మాన్‌హటన్ ఇరుకు గదుల్లో గాలీ వెలుతురూ లేకపోయినా కసాయి కొట్టులో మాంసం కూలివాడికి అందే ధరలో ఉంది. దాంతో ఉండ పెరిగింది. వారానికోసారి, ఆదివారం పొద్దున్నే పెద్ద గిన్నెలో టమాటా పులుసు పెట్టి, అందులో సాసేజీలు, పంది పక్కటెముకలు, చుట్టిన మాంసం, ఉండలు వేసి, చర్చికి వెళ్లొచ్చి, సాయంత్రం దాకా కూర్చుని తినడం వాళ్ల ఇళ్లలో ఆచారమైంది. ఊళ్లో జమీందారు తిన్నట్టు తినడమే వాళ్ల దృష్టిలో అమెరికా. రొట్టె అవసరం తీరిపోయినా రొట్టె మాత్రం పోలేదు. రొట్టె లేని ఉండ గట్టిబడుతుంది, నోట్లో రబ్బరులా సాగుతుంది. అవసరానికి కలిపిందే రుచికి ఆధారమని అప్పటికే ఆడవాళ్లకి తెలిసిపోయింది.

ఇప్పుడు అసలు నాకు ఇష్టమైన చోటికి వద్దాం. 1974, మల్బరీకి రెండు వీధుల అవతల, ఎలిజబెత్ వీధి. మల్బరీ నేపుల్స్ వాళ్లది, ఎలిజబెత్ సిసిలీ వాళ్లది. రెండు వీధుల దూరమే గాని ఆ రోజుల్లో అది వేరే దేశం. ఆ వీధిలో ఒక అపార్ట్‌మెంటులో ప్లాస్టిక్ కవర్లు తొడిగిన సోఫా మీద ఇద్దరు పెద్దవాళ్లు కూర్చున్నారు. ఆయన చార్లెస్ స్కోర్సేసీ, బట్టల ఫ్యాక్టరీల పేటలో ఇస్త్రీ పని చేసినవాడు. ఆవిడ కాథరీన్, కుట్టుపని చేసినావిడ. ఎదురుగా కెమెరా. కెమెరా పక్కన వాళ్లబ్బాయి మార్టిన్.

ఆ కుర్రాడు అంతకుముందు ఏడాదే 'మీన్ స్ట్రీట్స్' తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆ సినిమా నడిచేది సరిగ్గా ఈ సాన్ జెన్నారో తిరనాళ్ల రోజుల్లోనే. ఈలోగా అమెరికా స్వాతంత్య్రానికి 200 ఏళ్లు వస్తున్నాయని, వలస జాతుల మీద టెలివిజన్ వాళ్లు డాక్యుమెంటరీల వరస తలపెట్టి ఇటాలియన్ల వంతు ఇతనికి అప్పజెప్పారు. ఇంకొకరైతే ఓడలు, రేవులు, పాత ఫొటోలు పోగేసేవారు. ఇతను కెమెరా తీసుకుని అమ్మానాన్నల ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఒక గంటకి తక్కువే ఉండే ఆ చిత్రం పేరు 'ఇటాలియన్‌అమెరికన్'. రెండు మాటల మధ్య ఖాళీ లేకుండా కలిపేసి రాశారు.

మొదలవగానే కాథరీన్, తను ఏం మాట్లాడాలో చెప్పమని కొడుకుని అడుగుతుంది. భర్త సోఫాకి ఆ చివర ముడుచుకుని కూర్చుంటే, అంత దూరం ఎందుకు, దగ్గరికి జరగమని మందలిస్తుంది. ఆయన బుద్ధిమంతుడిలా జరుగుతాడు. అక్కడినుంచి ఇక ఆయన చెప్పబోయిన ప్రతిదీ ఆవిడ పూర్తిచేస్తుంది, ఆవిడ చెప్పినదాన్ని ఆయన సరిదిద్దుతాడు. ఇంట్లోనే ద్రాక్షసారాయి చేసుకున్న రోజులు వస్తాయి. చిన్నప్పుడు శనివారం పొయ్యి ముట్టించకూడని యూదుల ఇళ్లకి వెళ్లి పొయ్యి వెలిగించి చిల్లర సంపాదించిన సంగతి ఆయన చెబుతాడు. మధ్యమధ్య ఆవిడ లేచి వంటింట్లోకి వెళుతుంది. పొయ్యి మీద పులుసు ఉంది కదా. చివర్లో అందరూ లేచాక కూడా కెమెరా తిరుగుతూనే ఉందని తెలిసి కొడుకుని బెదిరిస్తుంది.

తర్వాత పేర్లు పడతాయి. కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు. ఆ పేర్లతో పాటే తెర మీద కాథరీన్ పులుసు, మీట్‌బాల్ వంట పద్ధతి అక్షరాలా నడిచిపోతుంది. థియేటర్లో పెన్ను ఉన్నవాడు రాసుకోవచ్చు. సినిమా చరిత్రలో ఇంతకన్నా పనికొచ్చే టైటిల్స్ నేను చూడలేదు.

పద్ధతి నా మాటల్లో చెబుతాను. నూనెలో ఒక ఉల్లిపాయ, చిటికెడు వెల్లుల్లి వేగనివ్వాలి. అందులో దూడ మాంసం ముక్క ఒకటి, గొడ్డు మాంసం ముక్క ఒకటి, పంది సాసేజీలు, గొర్రె మెడ ఎముక వేసి ఎర్రబడ్డాక తీసి పక్కన పెట్టాలి. అదే గిన్నెలో టమాటా ముద్ద డబ్బా, నీళ్లు, మిక్సీలో తిప్పిన డబ్బా టమాటాలు పోసి మరగనిచ్చి, ఉప్పు, మిరియాలు, కాస్త పంచదార వేయాలి. కాసేపటికి మాంసం మళ్లీ గిన్నెలోకి పోతుంది, ఇంకో గంట ఉడుకుతుంది. ఆ గంటలో ఉండల పని. దూడ మాంసం, గొడ్డు మాంసం కీమా. అంచులు తీసిన ఒక బ్రెడ్ ముక్క, రెండు గుడ్లు, ఒక్క బొట్టు పాలు, ఉప్పు, మిరియాలు, చీజ్. ఆ పైన, ఇదీ అసలు సంగతి, ఉడుకుతున్న పులుసులోంచే నాలుగైదు చెంచాలు తీసి కీమాలో కలపాలి. చేత్తోనే కలపాలి. ఉండలు చేసి పచ్చివి పచ్చిగానే పులుసులో వదిలేయాలి. మరో గంట.

వేయించడం లేదు, చూశారా. దీని మీద మల్బరీకీ ఎలిజబెత్‌కీ ఈనాటికీ రాజీ లేదు. ముందు నూనెలో వేయించకపోతే ఉండకి రంగూ రాదు, చుట్టూ పెంకూ కట్టదు అంటారు ఒకరు. వేయించిన ఉండ పులుసుని లోపలికి రానివ్వదు, తన రసం పులుసుకి ఇవ్వదు అంటారు రెండోవాళ్లు. నా ఓటు కాథరీన్‌కే. రంగుదేముంది, పులుసులో అన్నీ ఎర్రగానే ఉంటాయి.

ఈ కథకి రెండో భాగం 1990లో వచ్చింది. 'గుడ్‌ఫెల్లాస్'లో కాథరీన్ ఒక హంతకుడి తల్లి. అర్ధరాత్రి కొడుకు స్నేహితుల్ని వెంటేసుకుని పార అడగడానికి ఇంటికొస్తాడు. బయట కారు డిక్కీలో మనిషి ఉన్నాడు. ఆవిడకి అదేమీ తెలియదు, అన్నం పెట్టకుండా పంపేదే లేదని టేబుల్ సర్దుతుంది. చార్లెస్‌కీ ఒక వేషం ఇచ్చాడు కొడుకు. జైల్లో ముఠా పెద్దలు దర్జాగా వంట చేసుకునే ఘట్టంలో ఒకాయన వెల్లుల్లిని బ్లేడుతో కాగితంలా తరుగుతుంటాడు, ఇంకొకాయన పెనం మీద మాంసం కాలుస్తుంటాడు, టమాటా పులుసు బాధ్యత విన్నీ అనే ముసలాయనది. ఆ విన్నీయే చార్లెస్. ఆయన ఉల్లిపాయలు మరీ ఎక్కువేస్తాడని కథ చెప్పే హెన్రీ సణుగుతాడు. ఇంట్లో ఆవిడ వేసింది ఒక్క ఉల్లిపాయే గదా! పైగా మీట్‌బాల్‌లో గొడ్డు, దూడ, పంది మూడూ ఉండాలని, పంది లేకపోతే రుచి లేదని విన్నీ వాదన. పదహారేళ్ల కిందటి ఇంటావిడ పద్ధతిలో ఉండలో పంది లేదు. అది సాసేజీ రూపంలో పులుసులోకి మాత్రమే వచ్చింది. ఆ రోజు షూటింగు అయ్యాక ఇంటికెళ్లి ఆయన ఏం విన్నాడో ఏ డాక్యుమెంటరీలోనూ లేదు. చార్లెస్ 1993లో పోయాడు. కాథరీన్ తన వంటలన్నీ 1996లో పుస్తకంగా వేయించి, 1997 జనవరిలో కన్నుమూసింది.

ఆ ఘట్టంలో పెనం మీద మాంసం కాల్చినాయన ఎవరో కూడా చెప్పాలి. ఆయన ఫ్రాంక్ పెల్లెగ్రీనో, నటన కన్నా తూర్పు హార్లెమ్‌లో 114వ వీధి మూలనున్న 'రావోస్' హోటల్ నడపడం వల్ల ప్రసిద్ధుడు. 1896 నాటి హోటల్ అది. మొత్తం పది టేబుళ్లు. 1977లో 'న్యూయార్క్ టైమ్స్' విమర్శకురాలు మిమీ షెరటన్ మూడు నక్షత్రాలిచ్చింది. జనం ఎగబడ్డారు. పాత గిరాకీని పోగొట్టుకోవడం ఇష్టంలేక ఏ వారం ఏ టేబుల్ ఎవరిదో పంచేశారు. ఆ హక్కు ఇప్పటికీ చేతులు మారుతూ వస్తోంది గాని ఖాళీ అవదు. టేబుల్ అడిగిన ప్రతివాడికీ లేదని చెప్పీ చెప్పీ పెల్లెగ్రీనోకి 'ఫ్రాంకీ నో' అన్న పేరే స్థిరపడింది. 2003 డిసెంబరులో అక్కడ ఒక రాత్రి పాట పాడుతున్న అమ్మాయిని ఎగతాళి చేశాడని ఒకణ్ని బార్ దగ్గరే కాల్చి చంపారు. ఇంత జరిగినా ఆ టేబుళ్లకి గిరాకీ తగ్గలేదంటే అక్కడి ఉండ ఎలాంటిదో ఊహించుకోండి.

రావోస్ పద్ధతి వాళ్ల వంటల పుస్తకంలో అచ్చయింది కాబట్టి దాపరికం లేదు. మూడు మాంసాలూ కలిపి రెండు పౌన్లు, అంటే 900 గ్రాములు. దానికి రొట్టె పొడి రెండు కప్పులు, గోరువెచ్చని నీళ్లు రెండు కప్పులు. నీళ్లు! చదివినవాడు అచ్చుతప్పు అనుకుంటాడు. కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే రొట్టె పొడి ఆ నీళ్లన్నీ పీల్చి పట్టుకుంటుంది, వేయించినా లోపల మెత్తగా ఉంటుంది. వీళ్లు వేయించే పక్షం. అయినా క్షమించవచ్చు, రొట్టె విషయంలో పిసినారితనం చేయలేదు.

ఇక్కడినుంచి కథ నా చేతిలో నిలవడం లేదు. ఇంతవరకూ ఊరు, ఓడ, వీధి, ఇల్లు అని చక్కగా నడిచింది గాని తర్వాతవన్నీ ఒకేసారి జరిగాయి. ఇటాలియన్ల పిల్లలు చదువుకుని శివార్లకి, న్యూజెర్సీకి తరలిపోయారు. మల్బరీ ఉన్న లిటిల్ ఇటలీ పేట చుట్టూ చైనాటౌన్ పెరిగింది. 2010 నాటికి జాతీయ పార్కుల శాఖ ఆ రెండు పేటల్నీ కలిపి చారిత్రక ప్రాంతంగా గుర్తించింది. ఇంచుమించు అదే సమయానికి జనాభా లెక్కలవాళ్ల సర్వేలో లిటిల్ ఇటలీలో ఇటలీలో పుట్టినవాడు ఒక్కడూ తేలలేదు. కాథరీన్ పులుసు పెట్టిన ఎలిజబెత్ వీధిలో ఇప్పుడు ఖరీదైన బట్టల దుకాణాలున్నాయి, పేటకి నోలీటా అని కొత్త పేరు పెట్టారు. వంటింట్లోని ఉండ అటు డబ్బాలోకీ ఎక్కింది, ఇటు ఫ్యాషన్ కూడా అయింది. 2010లో స్టాంటన్ వీధిలో 'ద మీట్‌బాల్ షాప్' అని మీట్‌బాల్ మాత్రమే అమ్మే హోటల్ తెరిచారు. ఏ మాంసం, ఏ పులుసు, కింద ఏం వేయాలి అన్నీ టిక్కు పెట్టి ఇవ్వడమే. గుమ్మం ముందు క్యూలు కట్టారు, శాఖలు పెరిగాయి, ఆ తర్వాత చాలా మూతపడ్డాయి. ఆదివారం గిన్నెలో ఎంపిక ఉండదు, అదే దాని అందం. రావోస్ సీసా పులుసు సంగతి ఇంకా విచిత్రం. ఆ పేరుతో పులుసులమ్మే కంపెనీని 2024లో క్యాంబెల్ వాళ్లు దాదాపు 270 కోట్ల డాలర్లకి కొన్నారు. లోపలికి రానివ్వని హోటల్ ఇప్పుడు ప్రతి సూపర్‌మార్కెట్ అరలోనూ ఉంది.

సరే, ఎక్కడ తినాలి? తిరనాళ్ల రోజుల్లో మల్బరీ వీధికి వెళ్లండి, వెలుగులు చూడండి, సాసేజీ తినండి. మీట్‌బాల్ కోసం మాత్రం ఫుట్‌పాత్ మీద నిలబడి మెనూ చూపిస్తూ పిలిచే హోటళ్లలోకి వెళ్లకండి. నాలుగడుగులు నడిచి మాట్ వీధిలోని పారీసీ బేకరీకి వెళితే పొడుగు రొట్టెలో ఉండలు పేర్చి ఇస్తారు. 1903 నుంచి రొట్టెలు చేస్తున్న కుటుంబం వాళ్లది. ఈ వ్యాసం మొదటినుంచీ నేను చెబుతున్నదేమిటో ఆ రొట్టె కొరికితే అర్థమవుతుంది. బ్రూక్లిన్ దాకా వెళ్లే ఓపిక ఉంటే కోర్ట్ వీధిలో 'ఫ్రాంకీస్ 457' ఉంది. ఇద్దరు వంటవాళ్లు, ఇద్దరి పేరూ ఫ్రాంకే, 2004లో మొదలుపెట్టారు. వాళ్ల ఉండల్లో ఎండుద్రాక్ష, పైన్ గింజలు ఉంటాయి. అవును, రోమన్ పుస్తకంలోని ఆ పైన్ గింజలే. ఊళ్లో ఒక్కచోటే తినే వీలుంటే నేను పంపేది అక్కడికే. విలియమ్స్‌బర్గ్‌లో 1900 నాటి 'బమోంతేస్' ఉంది, పాతకాలపు హాలు, పాతకాలపు పులుసు. గ్రీనిచ్ విలేజ్‌లోని 'కార్బోన్'లో మీట్‌బాల్ మెనూలో రాయరు, తెలిసినవాడు అడిగితే పెడతారు. అడిగి తినడంలో గొప్పతనం ఉందనుకునేవాళ్లకి అది బాగుంటుంది, నాకు కాదు. బ్రాంక్స్‌లో ఆర్థర్ అవెన్యూకి వెళ్తే వంట కన్నా బజారు బాగుంటుంది. 1940లో మేయర్ లాగార్డియా తోపుడుబండ్లని తీసుకొచ్చి కట్టించిన అంగడి కప్పు కిందే చీజు, మాంసం, రొట్టె అన్నీ దొరుకుతాయి.

గొడ్డు, పంది తినని మనవాళ్లు ఏం చేయాలన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. హోటల్లో మొహమాటం లేకుండా అడగండి, మూడు మాంసాల మిశ్రమమే ఎక్కువ చోట్ల రివాజు. అసలు మాంసమే తిననివాళ్లకి కాలాబ్రియా వాళ్ల వంకాయ ఉండలు, అబ్రుజ్జో వాళ్ల చీజు-గుడ్డు ఉండలు ఉన్నాయి. రెండూ మాంసం కొనలేని ఇళ్లలో పుట్టినవే, రెంటికీ ఆధారం రొట్టే. న్యూజెర్సీలో ఉండే మా మేనకోడలు చికెన్ కీమాతో చేస్తుంది, పైన రావోస్ సీసా పోస్తుంది. కాథరీన్ పద్ధతి చెప్పి పచ్చివే వదలమన్నాను. ఉండలు విడిపోయి పులుసు కాస్తా కీమా కూరయింది. చికెన్ కీమాలో కొవ్వు తక్కువ, తడి ఎక్కువ. దానికి మాత్రం బ్రెడ్ కాస్త ఎక్కువ కలిపి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ముందు వేయించుకోవాల్సిందే. ఎలిజబెత్ వీధివాళ్లకి చెప్పకండి.